వాసన కోసం చిటికెడు కర్పూరం

ప్రభుత్వం వారి కాగితాల్లో నేను ఫార్మసిస్టుని. ఊరివాళ్ళ నోట్లో మాత్రం ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కాంపౌండరునే. ఆసుపత్రి కాంపౌండు దాటి బయటికి రాడు కాబట్టి కాంపౌండరు అంటారు కాబోలని మా అమ్మ చాలాకాలం అనుకుంది. ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. మందుల గది, దానికో చిన్న కిటికీ, ఆ కిటికీలోంచి లోపలికి వచ్చే చేతులు, ఆ చేతుల్లో సీసాలు. నా ప్రపంచం అంతే. మనుషుల ముఖాల కంటే వాళ్ళు తెచ్చుకునే సీసాలే నాకు ఎక్కువ గుర్తుండేవి.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నలుగురు మొన్న ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి రాసివ్వండి సార్, మాకు పనికొస్తుంది" అన్నారు. నలుగురూ మెచ్చుకున్న సంగతులు రెండు మూడు ఉన్నాయి. అవి రాస్తే నాకు పనికొస్తాయి. మీకు పనికొచ్చేది ఇది.

తొంభైల మొదట్లో నేను పనిచేసిన ఆసుపత్రి అమలాపురం నుంచి కొత్తపేట వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉండేది. పది మంచాలు, ఒక డాక్టరు, ఒక నర్సు, నేను. కోనసీమలో ఎండ కంటే ఉక్క ఎక్కువ. కొబ్బరితోటల్లో గాలంతా పైన ఆకులకే గాని కింద మనిషికి తగలదు. మే నెల వచ్చిందంటే పసిపిల్లల మెడ ముడతల్లో, చంకల్లో, గజ్జల్లో చెమటకాయలు పేలి, ఒరుసుకుపోయి, ఎర్రగా పచ్చిపుండులా అయ్యేవి. దానికి రాసే కాలమైన్ లోషన్ జిల్లా స్టోర్సు నుంచి మూడు నెలలకోసారి వచ్చేది. వారంలో అయిపోయేది. మిగతా వారాలన్నీ "లేదండి" అనే మాటే నేనిచ్చే మందు.

ఆ మాట ఇచ్చీ ఇచ్చీ విసుగెత్తి నేనే ఒక లోషన్ చేశాను. నూనె, సున్నపుతేట కలిపి బాగా చిలికితే తెల్లగా, పలచటి వెన్నలా అవుతుందని చదువుకునే రోజుల్లో నేర్చుకున్నదే. నూనెకి మా వైపు కరువేముంది, గానుగలో ఆడించిన కొబ్బరినూనె. సున్నపుతేట నేనే తీసేవాణ్ణి. అందులో స్టోరులో ఉన్న జింక్ ఆక్సైడు కొంత. పెద్ద పింగాణీ కల్వంలో నూరి చూపిస్తే, అప్పటి డాక్టరుగారు, రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దాయన, వేలికి రాసుకుని చూసి "బాగుందయ్యా, కానీ" అన్నారు. ఆ "కానీ"లో సాగించమనే అర్థం ఉంది, సందేహం ఉందనే అర్థమూ ఉంది. నాకు కావలసింది నేను తీసుకున్నాను.

తల్లులు తమ సీసాలు తామే తెచ్చుకునేవారు. దగ్గుమందు సీసాలు, సెంటు సీసాలు, ఒకావిడ ఏకంగా సిరాబుడ్డి. పోసి ఇచ్చేవాణ్ణి. వారం తిరక్కుండానే ఫిర్యాదు వచ్చింది.

"ఏ వాసనా లేదేంటండీ కాంపౌండరు గారూ. సున్నం కలిపిన మజ్జిగలా ఉందండి."

"పనిచేస్తుందమ్మా. వాసనతో పనేంటి?"

"మందన్నాక ముక్కుకి తెలియాలి కదండీ. మా అత్తగారు రాయనివ్వటం లేదండి."

ఆయ్, అని నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. ఆ సాయంత్రం మా ఊరి కిరాణాకొట్టుకి వెళ్ళి హారతి కర్పూరం పొట్లం ఒకటి అడిగాను. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమని కొట్టాయనకి తెలుసు.

"ఏమండోయ్, గుడి గాని మారేరా ఏంటి?" అన్నాడు, పొట్లం కడుతూ.

"పూజకి కాదండి, పనికి."

"పనే పూజండి" అని తనే నవ్వుకున్నాడు.

నూనెలో చిటికెడు వేసి కరిగించాను. గది గుమ్మున వాసన. మర్నాటి నుంచి సీసాల వరస వరండా దాటింది. రాసిన చోట చల్లగా ఉంటోందట, బిడ్డ హాయిగా నిద్రపోతోందట. అంబాజీపేట నుంచి, ముక్కామల నుంచి కూడా వచ్చేవారు. డాక్టరు చీటీ అవసరం లేదు. "కాంపౌండరుగారి తెల్లమందు" అంటే చాలు.

నా గొప్ప నేను చెప్పుకోవడం కాదుగాని, ఎందుకంత పొంగిపోయానో మీకు తెలియాలి. మా నాన్న రైతుల పొలాల్లో కూలికి వెళ్ళి నన్ను చదివించాడు. మా పేటలో నెలజీతం అందుకున్న మొదటి నలుగురిలో నేనొకణ్ణి. మా నాన్న ఏ ఇళ్ళ పెరటి గుమ్మం దగ్గర నిలబడి దోసిలి పట్టి నీళ్ళు తాగాడో, ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పుడు నా కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాపుతున్నారు. నా చేతి మందు వాళ్ళ పసివాళ్ళ ఒళ్ళంతా రాసుకుంటున్నారు. ఈ సంతోషం ముందు పుస్తకంలో ఏముందో మళ్ళీ తీసి చూడాలని ఎవడికి తోస్తుంది? లోషన్ చేశాను గాని ఆలోచన చెయ్యలేదు.

చెప్పినవాళ్ళు లేక కాదు. మా నర్సుగారు నాకంటే ఐదారేళ్ళు పెద్దది, మాట పదును. ఒకరోజు కల్వం దగ్గరికి వచ్చి ముక్కు చిట్లించింది.

"లోషనా అండీ ఇది, అత్తరా? పసిబిడ్డలకి కర్పూరం పెట్టకూడదని మా ట్రైనింగులో చెప్పేరండి."

"చిటికెడేనండి. వాసన కోసం."

"ఎవరి వాసన కోసమండి? బిడ్డ అడిగిందా?"

నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

వాసనతో ఒక చిక్కుంది. రోజూ పీల్చేవాడికి అది తగ్గుతూ పోతుంది. నా ముక్కు ఆ గదికి అలవాటుపడిపోయింది. నిన్నటి చిటికెడు ఇవాళ ఆనటం లేదనిపించి ఇంకొంచెం, ఎల్లుండి ఇంకొంచెం. మిగతావన్నీ తక్కెడలో తూచేవాణ్ణి. కర్పూరాన్ని మాత్రం వేళ్ళతోనే. చిటికెడు పెరుగుతూ వచ్చింది. తూకం లేదు కాబట్టి పెరిగినట్టు నాకు తెలియలేదు.

పెద్ద డాక్టరుగారు రిటైరయ్యాక ఒక చిన్నావిడ డాక్టరుగా వచ్చారు. చదువు కళ్ళలో కనిపించే మనిషి. వచ్చిన వారంలోనే నా గదిలోకి వచ్చి జాడీ చూసి, "ఇందులో ఏమేం వేస్తున్నారో కాగితం మీద రాసివ్వండి" అన్నారు. నా దస్తూరీ బాగుంటుందని పేరు. గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. కొబ్బరినూనె ఇంత, సున్నపుతేట ఇంత, జింక్ ఆక్సైడు ఇంత. కర్పూరం రాయలేదు. దాచాలని కాదు. ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, దాచాలని కాదు. వాసన కోసం వేసేది మందు కాదు కదా అనుకున్నాను. పులుసులో ఏం వేశారంటే కరివేపాకు చెప్పనట్టు. ఆవిడకి అప్పుడు గట్టి పడిశం, ఏ వాసనా తెలియదు. చదివి, కింద సంతకం పెట్టి, "సరే, చీటీ రాసినవాళ్ళకే ఇవ్వండి" అన్నారు. ఆ షరతు రెండు వారాలు పాటించాను.

ఇప్పుడు మా పేటలోని ఒక పెద్దావిడ గురించి చెప్పాలి. మాకు దూరపు చుట్టం, నేను పిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. పేటలో పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్ళు పోసేది ఆవిడే. పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, బిడ్డని ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పెట్టి, కీళ్ళు సాగదీసి, వేడినీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి ఇచ్చేదాకా ఒక పాటలా సాగేది ఆ పని. చివర మాడుకి నూనె అద్ది, చెవుల్లో ఒక చుక్క, ముక్కుల్లో ఒక చుక్క. మా వైపు నీళ్ళు పోసే ప్రతి ఆవిడా అలాగే చేసేది. నా ముక్కులోనూ అలాగే పడింది. నా కూతురి ముక్కులో వేసింది ఆవిడే. ఆ ఆచారం నాకు తెలియనిదేమీ కాదు. నా లోషన్‌నీ ఆ ఆచారాన్నీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

ఆవిడ కొడుకు కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు. అతనికి ఆడపిల్ల పుట్టింది. రెండు నెలలు నిండుతున్నాయి. శ్రావణంలో ముసురు పట్టి, బిడ్డ మెడకింద ఒరిసిన పుండ్లు మానక, పైగా పడిశం చేసి ఊపిరి గురగురలాడుతుంటే, పిన్నమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో మూతపోయి గుడ్డపేలిక దూర్చిన గోధుమరంగు దగ్గుమందు సీసా. అవతల నిండా జనం.

"బాబూ, పిల్లదానికి తెల్లమందు పొయ్యి."

పోసి ఇచ్చాను. ఎలా వాడాలో చెప్పలేదు. నీళ్ళు పోసే ఆవిడకి నేనేం చెబుతాను?

మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి బిడ్డని పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు, అత్త, కోడలు. బిడ్డ కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్ళు పైకి తేలిపోయాయి. డాక్టరుగారు లోపలికి తీసుకెళ్ళారు. జ్వరం ఉందా అని చూశారు, లేదు. ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షను కావాలన్నారు. నా గదిలోంచి తెచ్చిచ్చింది నేనే. అప్పుడు ఆవిడ బిడ్డ ముఖం దగ్గరికి వంగి, తలెత్తి అడిగారు.

"ఈ కర్పూరం వాసన ఎక్కడిది?"

"కాంపౌండరుగారి తెల్లమందండి" అంది పిన్నమ్మ. "ఒళ్ళంతా రాసేనండి. పడిశానికి మంచిదని ముక్కులో కూడా రెండేసి చుక్కలు వేసేనండి. కర్పూరం వాసన వస్తోంది కదా అనండి."

డాక్టరుగారు నావైపు తిరిగారు. "ఆ లోషన్‌లో ఇంకేమైనా కలుపుతున్నారా?"

పదిమంది చూస్తున్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మీకు రాసిచ్చినవేనండి."

ఆవిడ నా కాగితాన్ని నమ్మి, వాసన సంగతి పక్కన పెట్టి, ఒళ్ళు వేడి లేకపోయినా మెదడు జ్వరమేమోనని అటు ఆలోచించడం మొదలుపెట్టారు. నేను నా గదిలోకి వెళ్ళాను. జాడీ మూత తీశాను. ఎన్నాళ్ళుగానో నాకు తెలియని వాసన ఆవేళ ముఖాన కొట్టినట్టు తెలిసింది. తిరిగి వెళ్ళి చెప్పడానికి పది అడుగుల దూరం. ఆ పది అడుగులకి నేను ఎంతసేపు తీసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. పావుగంట అంటుంది మా నర్సుగారు. ఆవిడ లెక్క తప్పదు.

వెళ్ళి చెప్పాను. "కర్పూరం ఉందండి."

"ఎంత?"

"చిటికెడు... ఇప్పుడు ఇంకా ఎక్కువేనండి."

ఆవిడ బిడ్డ ఒళ్ళంతా సబ్బునీళ్ళతో కడగమన్నారు, గబగబా. కడుగుతూనే, పాఠం చెబుతున్నట్టు కాదు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు: "పసిబిడ్డ చర్మం మనలాంటిది కాదు. పలచన. రాసింది రాసినట్టు లోపలికి లాగేస్తుంది. అందులోనూ పచ్చిపుండ్లు, పైన నూనె, గుడ్డ చుట్టడం. ముక్కులోకి వేస్తే సరేసరి." ఆ నాలుగు మాటలూ నేను చదువుకున్నవే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే.

ఫిట్స్ ఆగినట్టే ఆగి మళ్ళీ వచ్చాయి. రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. మా జీపు బాగుచేయడానికి వెళ్ళి నెలైంది. దగ్గరలో ఒక రైతుగారి అంబాసిడరు ఉంటే అడిగాం. ఆయన మనవడికి కూడా నా తెల్లమందే. ఏమీ అడగకుండా డ్రైవరుని పంపేరు.

ముందు సీట్లో నేను. వెనక ఒక పక్క తల్లి, ఒక పక్క పిన్నమ్మ, మధ్యలో ఒళ్ళో బిడ్డతో మా నర్సుగారు. ఆ గోధుమరంగు సీసా నా చేతిలో ఉంది. అక్కడ డాక్టర్లకి చూపించమని మా డాక్టరుగారు ఇచ్చారు. కారు కదిలాక కోడలు ఏడుస్తూ అంది.

"ముక్కులో వెయ్యొద్దంటే విన్నావా అత్తా? అంత ఘాటుగా ఉంది, వద్దని చెప్పేనా లేదా?"

పిన్నమ్మ బిడ్డ పాదాలు రుద్దుతోంది. నేను వెనక్కి తిరిగి, "ఆవిడ తప్పు కాదమ్మా, నాది" అని నాలుగు మాటలు అంటే సరిపోయేది. కారులో నేను ఆ మాట అనలేదు. బిడ్డ బతికితే తర్వాత చెప్పుకోవచ్చు అనుకున్నాను. బతక్కపోతే అన్న ఆలోచన రానివ్వలేదు.

రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. ముందు లారీ, వెనక లారీ, పక్కన సైకిళ్ళ మీద గెలలు. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. నేను దిగి, లారీల మధ్య దారి ఇవ్వమని బతిమాలుకుంటూ వెళ్ళాను. ఇచ్చేరు, పాపం. గెలలు దించుతున్నవాళ్ళు గెలలు వదిలేసి మరీ లారీని నెట్టేరు. దారి దొరికింది. చెయ్యి ఊపుకుంటూ కారు దగ్గరికి వచ్చాను. నర్సుగారు బిడ్డ ఛాతీ మీద నుంచి చెయ్యి తీసేసి, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పిన్నమ్మే అంది: "ఇంక కారు తిప్పించెయ్యి బాబూ."

ఆ తర్వాత జరిగింది కాగితాల్లో చిన్నది. డాక్టరుగారు ఉన్నదున్నట్టు పైకి రాశారు. రాసేముందు నన్ను పిలిచి, "మీ కాగితంలో కర్పూరం లేదు. నేను జాడీ మూత తీసి చూడకుండా సంతకం పెట్టాను. ఇద్దరి పేర్లూ రాస్తున్నాను" అన్నారు. నాకు రెండు లైన్ల మందలింపు వచ్చింది. ఆవిడకి ఒక లైను. ఒక పసిదాని ప్రాణానికి మొత్తం మూడు లైన్లు. నన్ను డిస్మిస్ చేస్తారేమోనని భయపడిన మాట నిజమే. చెయ్యనందుకు కొన్నాళ్ళు కోపం కూడా వచ్చింది.

"ఆ పెద్దావిడకి మాత్రం మీరే చెప్పాలి" అన్నారు డాక్టరుగారు.

"ఆయ్, చెబుతానండి" అన్నాను.

చెప్పలేదు. జాడీ కడిగేశాను. కిటికీ దగ్గర తల్లులు తెల్లమందు అడిగితే "సరుకు లేదండి" అనేవాణ్ణి. నెలలు గడిచినా అడుగుతూనే ఉండేవారు. ఇళ్ళలో మిగిలిన సీసాలు పారబోయించడానికి డాక్టరుగారూ నర్సుగారూ ఇల్లిల్లూ తిరిగేరు. వాళ్ళ వెనక సంచి పట్టుకుని నేనూ తిరిగాను. ఎందుకు పారబొయ్యాలి అని అడిగితే "పాతబడిందమ్మా" అన్నాను. ఊరు తనకి తోచిన కారణం తను చెప్పుకుంది. పడిశానికి ముక్కులో ఏదో వేసి ముసలిది మనవరాల్ని పోగొట్టుకుందని. పేటలో ఆవిణ్ణి నీళ్ళు పొయ్యమని ఎవరూ పిలవలేదు. పిలిస్తే ఆవిడ వెళ్ళేదీ కాదు.

నాలుగు నెలలు పట్టింది నాకు. క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం, చర్చి నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. పిన్నమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది, చీపుళ్ళకి. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. కర్పూరం నేను కలిపింది, తూచకుండా కలిపింది, కాగితంలో రాయనిది, డాక్టరుగారు అడిగితే లేదన్నది, పావుగంట పోగొట్టింది. ఆవిడ ఈనె మీద ఈనె చీరుతూ విన్నది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది పిన్నమ్మా."

"నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే. ఎవరేడుస్తున్నా చూళ్ళేవు. నాకోసం అబద్ధాలాడకు బాబూ."

"అబద్ధం కాదు. ఒట్టు."

"నీ చేతి మందు ఊరూవాడా రాసుకున్నారు. ఎంతమంది పిల్లలు? ఎవరికేమైంది? నా చెయ్యి పడినదానికే అయ్యింది. తప్పు మందుదైతే అందరికీ అవ్వాలి కదా."

ఆ మాటకి శాస్త్రంలో జవాబుంది. మిగతావాళ్ళు కాస్త పెద్దపిల్లలు, కొద్దిగా రాసేరు, వాళ్ళ అదృష్టం బాగుంది. అదంతా చెప్పాను. ఆవిడ జాలిగా వింది, నాకు జ్వరం వచ్చి ఏదో మాట్లాడుతున్నట్టు. నాలుగు నెలల క్రితం కారులో చెప్పి ఉంటే నమ్మేది. మందుకైనా మాటకైనా ఒక గడువుంటుంది. గడువు దాటిన మాట ఆవిడకి ఓదార్పులా వినిపించింది.

కొడుకుతోనూ కోడలితోనూ చెప్పాను. కొడుకు తల దించుకుని "అయిపోయింది కదండీ" అన్నాడు. కోడలు మాత్రం నా కళ్ళలోకి చూసి, "మరి ఆవేళ కారులో ఎందుకు చెప్పలేదండీ?" అంది.  చర్చిలో మా పాస్టరుగారి అనుమతి తీసుకుని, నలుగురి ముందు కూడా చెప్పాను. వినాల్సినవాళ్ళలో సగం మంది విన్నారు. ఆ సగంలో సగం మంది, పిన్నమ్మలాగే, నా మంచితనాన్ని మెచ్చుకున్నారు. అంతకంటే పెద్ద శిక్ష ఏ మెమోలోనూ ఉండదు.

అప్పటినుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరింటికి వెళ్ళినా, పసిపిల్లల లోషన్ సీసా కనిపిస్తే వెనక్కి తిప్పి చదువుతాను. ఇప్పుడైతే భూతద్దం పెట్టుకుని. ముందువైపు పాప నవ్వుతూ ఉంటుంది. వెనకవైపు చీమల బారులా పేర్లు. ఆ బారు చివరికొచ్చేసరికి పరిమళం అనే అర్థమొచ్చే మాట ఒకటుంటుంది, ఒక్కటే మాట. దాని వెనక ఏమేం ఉన్నాయో రాయరు. నేనూ రాయలేదు కాబట్టి వాళ్ళని తిట్టే అర్హత నాకు లేదు. మీకు మాత్రం నర్సుగారి ప్రశ్న అప్పగిస్తున్నాను: ఎవరి వాసన కోసమండి? బిడ్డకి తెలిసిన వాసన తల్లిదొక్కటే. మిగతావన్నీ మన ముక్కుల కోసం. రాసేది ఏదైనా బిడ్డ లోపలికి పోతుందనుకుని ఇవ్వండి. అందులో వేసినది ప్రతీదీ, కరివేపాకుతో సహా, తూచి కాగితం మీద రాయండి. ఆ కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు జాడీ మూత తీసి చూసేదాకా వదలకండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను.

రెండువేలు దాటాక, నా రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా, మా అమ్మాయి పురిటికి ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నీళ్ళు పొయ్యడానికి ఎవరిని పిలుద్దామని ఇంట్లో మాటలు నడుస్తుంటే నేను పిన్నమ్మ పేరెత్తాను. మా అమ్మాయి బిడ్డని దగ్గరికి లాక్కుంది.

"నాన్నా, ఆవిడ చేతికా?"

అప్పుడు మా అమ్మాయికి కూడా చెప్పాను. చర్చిలో చెప్పినప్పుడు అది హాస్టల్లో ఉంది; ఇన్నేళ్ళూ నా కూతురికే చెప్పలేదని అప్పుడే గమనించాను. అది బిడ్డ మీద గుడ్డ సర్ది, "పిలవండి" అంది.

పిన్నమ్మ బాగా వంగిపోయింది. ఈనెలు చీరడం మానేసింది, చూపు ఆనక.

"నీ మనవరాలికా? నేనా?" అంది. "మతి ఉండే అడుగుతున్నావా బాబూ?"

"నేను చెప్పింది నువ్వు నమ్మలేదు కదా పిన్నమ్మా. మాటతో నమ్మించలేకపోయాను. అబద్ధమైతే నా మనవరాల్ని నీ కాళ్ళ మీద పెడతానా?"

అంతే చెప్పి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున్న, కర్ర పట్టుకుని, మా పెరట్లోకి తనే వచ్చింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. మా అమ్మాయి బిడ్డని తెచ్చి ఆ కాళ్ళ మీద బోర్లా పెట్టింది. నేను నూనెగిన్నె పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ నూనె అరచేతిలో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ చెయ్యే నా వైపు చాపింది.

"చూడు బాబూ. ఏం వాసన?"

వంగి చూశాను. "కొబ్బరినూనె వాసనే పిన్నమ్మా. ఇంకేమీ లేదు."

"సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాను. "ఏమీ లేదు."

అప్పుడు రాయడం మొదలుపెట్టింది. వేళ్ళు పని మరచిపోలేదు. వీపు, భుజాలు, మోకాళ్ళు. నీళ్ళు పోసింది, తుడిచింది, మాడుకి నూనె అద్దింది. చివర్న అలవాటుకొద్దీ ఆవిడ చూపుడువేలు నూనెలో మునిగి బిడ్డ ముక్కు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. కొనమీద చుక్క జారబోతూ వేలాడుతోంది. మా అమ్మాయి ఒక అడుగు ముందుకి వేసింది. నేను నోరు తెరవబోయేలోగా పిన్నమ్మ ఆ వేలిని వెనక్కి తీసుకుని, తన తలకి రాసుకుంది.

బిడ్డని గుడ్డలో చుట్టి నా చేతికి ఇస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నువ్వు చెప్పింది నిజమేనన్నమాట."

"నిజమే పిన్నమ్మా."

"మరి ఇన్నాళ్ళూ నన్ను ఎవరూ పిలవలేదేంటి బాబూ?"